రెండు తీసేసుకుంటం

నేను బ్యాగు కింద పెట్టకముందే ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారు. "ఆ మీటరా సార్? అది రెండు ఎక్కువ సూపిస్తది. మేం తీసేసుకుంటం." ఏ మిల్లుకు పోయినా, ఏ ప్యానెల్ ముందు నిలబడినా ఇదే మాట. కొందరు రెండంటారు, కొందరు ఐదంటారు, ముఖంలో నిబ్బరం మాత్రం అందరికీ ఒకటే. మీటర్ తప్పు చూపించడం వాళ్లకు సమస్యే కాదు. ఎంత తప్పు చూపిస్తుందో తెలిస్తే చాలు, దానితో హాయిగా కాపురం చేసేస్తారు.

కొలిచే పరికరాలు సరిచూడటం నా వృత్తి. ఇప్పుడు చిన్నాచితకా మిల్లుల్లో కూడా అంతా ఆటోమేటిక్. వేడి, తేమ, ఒత్తిడి, తూకం అన్నీ సెన్సార్లు కొలిచి కంప్యూటర్‌కు పంపుతాయి. ఆ అంకెను బట్టి మోటర్లు తిరుగుతాయి, ఆగుతాయి. అంకె తప్పయితే ఆ తర్వాత జరిగేదంతా తప్పే. అందుకని నా మాస్టర్ గేజీతో పోల్చి చూసి, తేడా ఉంటే సరిచేసి, పక్కన ఒక స్టిక్కర్ అంటించి, సర్టిఫికెట్ ఇచ్చి వస్తాను. ఇల్లు సూర్యాపేటలో. ఒకరోజు మిర్యాలగూడ, ఒకరోజు కోదాడ, పత్తి వచ్చే కాలంలో తిరుమలగిరి వైపు. మాస్టర్ గేజీని పాత దుప్పటి ముక్కలో చుట్టి బండి పెట్టెలో పెట్టుకుని తిరుగుతాను. మా ఆవిడ దాన్ని నా రెండో సంసారం అంటుంది.

ఆ మా ఆవిడ తమ్ముడే ఈ గొడవంతటికీ మూలం. వాళ్లది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. గొర్రెల మంద ఉన్న ఇల్లు. "ఎండల పడి గొర్ల వెంట తిరిగి మాడిపోతున్నడు, ఏడనన్న నీడపట్టున పెట్టియ్యి" అని మా ఆవిడ నా ప్రాణం తోడేస్తే, నాకు తెలిసిన సేటును అడిగి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పెట్టించాను. నీడపట్టునే పెట్టించాను, కాదనను. కానీ బాయిలర్ ముందు. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట అన్నం వడ్డిస్తూ, "వానికేమన్న అయితే నీ మొఖం సూడ" అంది. ఊరికే అనే మనిషి కాదు.

ఆ మిల్లులో వడ్లు నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాత బియ్యం చేస్తారు. ఊక మండించి ఆవిరి పుట్టించేది బాయిలర్. దాని ఒత్తిడిని అక్కడ కిలోల్లో చెప్తారు. పదిన్నర కిలోలు దాటకూడదని బాయిలర్ నుదుటి మీద రేకు కొట్టి ఉంటుంది. వడ్లు ఉడకడానికి ఎనిమిది చాలు. మా బావమరిది పని ఏమిటంటే, ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద ఆ అంకెను చూస్తూ ఊక ఎక్కువ తక్కువలు చూసుకోవడం. ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తలకు తువ్వాల చుట్టుకుని, గొర్రెలను కాసినట్టే బాయిలర్‌ను కాస్తుంటాడు.

ఇక్కడ వాళ్ల ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా మామ మందలో ఎన్ని గొర్రెలున్నాయో ఎవరు అడిగినా సరైన అంకె చెప్పడు. దిష్టి తగులుతుందని తగ్గించి చెప్తాడు. పెళ్లయిన కొత్తలో నాకది తెలియదు. "ఎన్ని ఉన్నయి మామా?" అంటే, కంచె నిండా గొర్రెలు కిక్కిరిసి కనపడుతుంటే, "ఏవో నాలుగున్నయి అల్లుడా" అన్నాడు. నా బుద్ధి ఊరుకోదు కదా. నిలబడి లెక్కపెట్టి, అందరూ వినేటట్టు అంకె చెప్పాను. మా అత్త గబగబా లోపలికి పోయి ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి మందంతటికీ దిష్టి తీసింది. ఆ వారంలోనే ఒక గొర్రె చచ్చింది. ఇప్పటికీ అది నా ఖాతాలోనే ఉంది. ఉన్నదానికంటే ఒకటి తక్కువ చెప్పుకోవడం ఆ ఇంట్లో అబద్ధం కిందికి రాదు, జాగ్రత్త కిందికి వస్తుంది. అట్లాంటి ఇంట్లో పుట్టినవాడికి, ఎక్కువ చూపించే మీటర్ దొరికింది.

పాత సెన్సార్ చెడిపోతే ఎవరో కొత్తది బిగించి పోయారు. కొత్త సెన్సార్ లెక్క వేరు. ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పకుండానే పోయారు. దాంతో అసలు ఎనిమిది ఉంటే స్క్రీన్ మీద పది కనపడేది. బాయిలర్ మీద గుండ్రటి ముల్లు మీటర్ ఒకటి ఉండేది కాబట్టి, దాన్నీ స్క్రీన్‌నూ పక్కపక్కన చూసి, రెండు తీసేసుకోవాలని మిల్లంతా నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆ గుండ్రటి మీటర్ కూడా పోయింది. అద్దం మసిబారి, ముల్లు ఏడు దగ్గర నిలిచిపోయింది. బాయిలర్ చల్లగా ఉన్నా ఏడే, మండుతున్నా ఏడే. కొత్తది పెట్టించమని సేటుకు ఎన్నిసార్లు చెప్పానో. "స్క్రీన్ ఉన్నది గదా" అంటాడు. స్క్రీన్ తప్పు కదా అంటే, "రెండు తీసేసుకుంటున్నం గదా" అంటాడు. ఇక ఆయనతో ఏం మాట్లాడతాం? తాతల నాటి నుంచి ధాన్యం వ్యాపారం చేస్తున్న ఇల్లు. గుప్పెడు వడ్లు చేతిలోకి తీసుకుని తేమ చెప్పగలడు. మీటర్ అంటే మాత్రం గోడ మీది క్యాలెండర్ కింద లెక్క.

ఎట్లాగో ఒప్పించి, మిల్లు ఆగిన రోజు చూసి పోయాను. సెన్సార్ విప్పి, చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, మాస్టర్ గేజీతో పోల్చి, కంప్యూటర్‌లో లెక్క మార్చాను. ఇంకో పని కూడా చేశాను. ఒత్తిడి మరీ పెరిగితే ఊక వేసే మోటర్ దానంతట అదే ఆగిపోవాలి. ఆ హద్దు పాత తప్పుడు లెక్కలో పన్నెండు దగ్గర పెట్టి ఉంది. పాత పన్నెండంటే అసలు పదికి మించదు కాబట్టి ఏ ప్రమాదమూ రాలేదు. కొత్త లెక్కలో దాన్ని పదికి దించాను. స్టిక్కర్ అంటించి, అందరినీ పిలిచి నిలబెట్టి చెప్పాను. "ఇగ నుంచి స్క్రీన్ ఏది సూపిస్తే అదే నిజం. తీసేసుడు లేదు, కలుపుడు లేదు. ఎనిమిది కావాలంటే ఎనిమిదే పెట్టుకోండ్రి."

అందరూ తలూపారు. మా బావమరిది అందరికంటే ఎక్కువ ఊపాడు.

మర్నాడు పొద్దున్నే సేటు ఫోన్. "ఏం జేసి పోయినవయ్యా? మోటర్ ఆగుడే ఆగుడు. నువ్వు రాకముందు నా మిల్లు మంచిగ నడిచె." ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. మావాడు అలవాటు కొద్దీ స్క్రీన్ మీద పది వచ్చేదాకా ఊక వేయిస్తున్నాడు. పది రాగానే మోటర్ ఆగిపోతోంది.

"ఎనిమిది దగ్గర ఉంచమని చెప్పండి సేట్."

"ఎనిమిది సూపిస్తే అసలు ఆరే గదా! ఆరుకు వడ్లు ఉడుకుతయా?"

"ఇప్పుడు ఎనిమిదంటే ఎనిమిదే సేట్. నేను సరిచేసిన గదా."

"సరిచేస్తే చేసినవ్ తియ్యి. రెండు తీసెయ్యాలె గదా మరి?"

ఫోన్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఎంతసేపు అరిచానో. బావమరిదికి విడిగా ఫోన్ చేశాను. "అట్లనే బావా, అర్థమైంది బావా" అన్నాడు. వాడు అర్థమైందన్నాడంటే వినడం అయిపోయిందని, అంతే. రెండు రోజులకు సేటు మళ్లీ ఫోన్ చేసి, బియ్యం రంగు ఎర్రబడుతోందని, వడ్లు అమ్మిన రైతులను తిట్టాడు. వడ్లు మంచివే. ఆవిరే ఎక్కువ తగులుతోంది. ఈసారి మాత్రం మోటర్ ఆగుతోందని అనలేదు. ఎందుకు అనలేదా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నాకు మాత్రం వినివిని చెవులు దిమ్మెక్కి, ఫోన్ పెట్టేస్తే చాలనిపించింది.

ఆ మర్నాడు కోదాడ అవతల ఒక ఫ్యాక్టరీలో ఉన్నాను. బెల్టు మీద పోయే రాయిని తూచే యంత్రం సరిచూస్తున్నాను. అక్కడి ఆపరేటర్ ఎంతో మర్యాదగా, "మీరు సరిచేసినా మేం మూడు తీసేసుకుంటామండీ, అలవాటైపోయింది, ఏం అనుకోకండి" అన్నాడు. పళ్లు కొరుకుతూ స్క్రూ తిప్పుతున్నాను. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. బావమరిది. గొంతులో సంతోషం పొంగిపోతోంది.

"బావా, ఇప్పుడు మంచిగ నడుస్తున్నది. మోటర్ ఆగుతలేదు."

"ఏం జేసిండ్రు?"

"పాత లెక్కనే పెట్టినం. పన్నెండు. పాస్‌వర్డు ప్యానెల్ మీదనే రాసున్నది గదా."

స్క్రూడ్రైవర్ పక్కన పడేశాను. "ఇప్పుడు స్క్రీన్ మీద ఎంతున్నదిరా?"

"ఆగిన పని అందుకోవాలని సేటు జర పెంచుమన్నడు. పన్నెండుకు జర తక్కువ. అంటే పది. ఏం పరేషాన్ గాకు."

"సేఫ్టీ వాల్వు లేస్తలేదా?" ఒత్తిడి హద్దు మీరితే ఆవిరిని బయటికి వదిలేసే వాల్వు అది. అందరూ గుడ్డిగా ఉన్నా అదొక్కటి కాపాడుతుందని నా ధైర్యం.

"మొన్న బుస్సుబుస్సుమని ఆవిరంత పోతున్నదని సేటు బిగించుమన్నడు. బిగించినం."

వాడు కూర్చునే చోటు నాకు తెలుసు. బాయిలర్‌కు ఎదురుగా, ఆవిరి పైపు కిందనే. "ఊక ఆపురా! అది నిజంగనే పన్నెండు! రేకు మీద పదిన్నర అని ఉన్నది గదా, కండ్లు లేవా?" అని అరిచాను. ఫ్యాక్టరీలో అందరూ నా వైపు తిరిగారు.

"ఎందుకు అరుస్తవ్ బావా? అది ఎక్కువ సూపిస్తది గదా. రెండు తీసెయ్యి."

"సూపియ్యదురా! నేను సరిచేసిన!"

"సరే సరిచేసినవ్. కాని మీటరన్నంక జర ఎక్కువ తక్కువ ఉంటది గదా బావా." నన్ను ఓదారుస్తున్నాడు. బాయిలర్ ముందు కూర్చుని నన్ను ఓదారుస్తున్నాడు.

సేటుకు చెబుదామంటే ఆయనది కూడా అదే లెక్క. ఇంకెవరికి చెప్పినా అంతే. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. మీటర్ నిజం చెప్తుందంటే వీడు జన్మలో నమ్మడు. తప్పు చెప్తుందంటే మాత్రం వెంటనే నమ్ముతాడు. గొంతు తగ్గించాను. రహస్యం చెప్తున్నట్టు అన్నాను.

"ఇను. నేను సరిచేసేటప్పుడు గడబిడ అయింది. ఇప్పుడు అది రెండు తక్కువ సూపిస్తున్నది. ఎక్కువ కాదు, తక్కువ. రెండు కలుపుకోవాలె."

అవతల వాడు కలుపుతున్నాడు.

"అంటే... పద్నాలుగా? ఓరి దేవుడా! ముందే చెప్పొద్దా బావా!"

"ఊక ఆపు. ఫ్యాను ఆపు. వెనకకు పోయి ఆవిరి బయటికి ఇడిసే వాల్వు తెరువు. ఉరుకు!"

ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. బండి తీశాను. హుజూర్‌నగర్ దాకా ముందర వడ్ల ట్రాక్టర్లే. తప్పుకోమని హారన్ కొడితే ఆ డ్రైవర్ తీరిగ్గా వెనక్కి చూసి, చెయ్యి ఊపి, మళ్లీ రోడ్డు మధ్యకే వచ్చాడు. మా ఆవిడ ముఖం కళ్ల ముందు తిరుగుతోంది. నీడపట్టున పెట్టియ్యమంటే ఎక్కడ పెట్టానో, ఏమని చెప్పాలో తెలియలేదు. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను, సేటును, మావాడిని, పాస్‌వర్డు ప్యానెల్ మీద రాసిన మహానుభావుణ్ని. దారిపొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఒక్కసారీ ఎత్తలేదు.

మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల నిశ్శబ్దంగా ఉంది. బాయిలర్ షెడ్డు ముందు హమాలీలు గుంపుగా నిలబడ్డారు. వాళ్ల మధ్యలో మా బావమరిది, తువ్వాల భుజాన వేసుకుని, చేతులు తిప్పుతూ కథ చెప్తున్నాడు. నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బావా, దా, సూద్దువు దా!"

బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి పైపు జాయింటు దగ్గర, ఆవిరి కారకుండా వేసే గ్యాస్కెట్ పగిలిపోయింది. సరిగ్గా దాని కిందనే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని వీపు భాగం మెత్తబడి, ముందుకు వంగి, కూర్చునే చోటుకు అంటుకుపోయింది.

"నువ్వు చెప్పంగనే లేచి వెనకకు ఉరికిన. వాల్వు మీద చెయ్యి పెట్టిన్నో లేదో, ధన్‌మని సప్పుడు. ఆ ఉరుకుల ఫోన్ ఏడనో పడ్డది, ఇంక దొరకలే."

నేను ఆ కుర్చీని చూస్తూ అక్కడే ఊక బస్తా మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. దాని వెనకనే కోపమూ వచ్చింది. లేచి వాణ్ని ఒక్కటి పీకుదామని చెయ్యెత్తి, గట్టిగా పట్టుకున్నాను. వాడి ఒంటి నిండా ఊక దుమ్ము. "ఏంది బావా, అందరు సూస్తున్నరు" అని సిగ్గుపడ్డాడు.

సేటుతో ఆ రోజు జరిగిన పోట్లాట ఇక్కడ రాయడం మర్యాద కాదు. కుర్చీని ఎత్తుకుపోయి ఆయన ఆఫీసులో, ఆయన కూర్చునే పరుపు ముందు పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఏది అడిగినా కాదనలేదు. సేఫ్టీ వాల్వు విప్పి సరిచేయించాం. హద్దు మళ్లీ పదికి దించి, పాస్‌వర్డు మార్చాను. బాయిలర్ మీద కొత్త గుండ్రటి మీటర్ బిగించాం, దాన్ని కూడా మాస్టర్ గేజీతో పోల్చి చూసి స్టిక్కర్ వేశాను. కుర్చీ చోటు కూడా మారింది.

ఈ మధ్య మళ్లీ పోయాను. స్క్రీన్ మీద ఎనిమిది. వడ్లు చక్కగా ఉడుకుతున్నాయి, బియ్యం రంగు బాగుంది. మావాడు తృప్తిగా ఉన్నాడు.

"ఇన్నేండ్లు ఎనిమిదికి ఉడుకుతయనుకున్నం గని, అసలు పదికి ఉడుకుతయి బావా," అన్నాడు.

"పది ఏడున్నదిరా? ఎనిమిదే గదా?"

"రెండు కలపాలె గదా. నువ్వే చెప్తివి."

ఓపిక తెచ్చుకుని కొత్త గుండ్రటి మీటర్ చూపించాను. "గది సూడు. అది కూడ ఎనిమిదే అంటున్నది. రెండూ ఒకటే చెప్తున్నయి."

వాడు నా వైపు జాలిగా చూశాడు. "ఒకటే చెప్తయి మరి. రెండూ నువ్వే సరిచేస్తివి. రెండూ రెండు తక్కువనే సూపిస్తయి."

నోరు తెరిచాను. ఆ రోజు అబద్ధం చెప్పానని, మీటర్లు రెండూ నిజమే చెప్తున్నాయని చెప్పేద్దామనుకున్నాను. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవాణ్ని, ఇంతకంటే అవమానం ఉంటుందా? ఇంతలో వాడే అన్నాడు, "అందుకే ఇగ ముట్టుకుంటలేను బావా. ఎనిమిది అంటే పది. రేకు మీద పదిన్నర. ఇంక అర కిలోనే జాగా ఉన్నది. సేటు పెంచుమన్నా పెంచ. అక్క మీద ఒట్టు."

బ్యాగులోంచి సర్టిఫికెట్ పుస్తకం తీశాను. తేడా అనే గడిలో సున్నా రాసి సంతకం పెట్టాను.

"అవునురా," అన్నాను. "రెండు కలుపుకో. మరువకు."